మూడు నెలలు దాచిన కబురు ముప్పు తేవచ్చు

పెన్‌పహాడ్: నాట్లు ముమ్మరంగా సాగే రోజులు. తెల్లవారకముందే సద్దిగిన్నెలు పట్టుకొని కూలి ముఠాలు పొలంబాట పడతాయి. ఆ గుంపులో ఒక కొత్త కోడలు కూడా ఉంటుంది. నెల తప్పి రెండు వారాలు దాటింది. కడుపులో తిప్పుతున్నా మడిలో వంగి నాటు వేస్తూనే ఉంటుంది. సంగతి ఇంట్లో అత్తకు తెలుసు. పక్కింటికి తెలియదు. "మూడో నెల వెళ్లేదాక ఎవ్వరికీ చెప్పకు బిడ్డా, దిష్టి తగుల్తది" అని అత్త ముందే హెచ్చరించింది. వాకిట్లోకి వచ్చిన ఆశా కార్యకర్త "ఇంట్ల కొత్తగ ఎవరన్నా కడుపుతోటి ఉన్నరా అత్తమ్మా" అని అడిగితే "ఎవ్వరు లేరమ్మా" అన్న జవాబే వస్తుంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. పెన్‌పహాడ్ మండలంలోని చీదెళ్ల, నాగులపహాడ్, దోసపహాడ్ మొదలుకొని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఏ పల్లెకు వెళ్లినా, ఏ తండాకు వెళ్లినా పెద్దవాళ్ల నోట ఈ మాట వినవచ్చు. చిక్కల్లా ఒక్కటే. ఇంటివారు దాచిపెట్టే ఆ మూడు నెలలే వైద్యుల లెక్కలో అన్నిటికంటే విలువైనవి. తొలి పరీక్ష పన్నెండు వారాల లోపు జరగాలని ప్రభుత్వ వైద్య నియమం. దాచిన కబురు బయటపడే నాటికి ఆ గడువు కాస్తా దాటిపోతోంది.

పెద్దల మాటలో న్యాయం లేకపోలేదు

కబురు దాచడం ఉత్త మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి వీలులేదు. నిర్ధారణ అయిన ప్రతి వంద గర్భాల్లో పది, పదిహేను నిలవకుండా పోతాయని వైద్యులు చెబుతారు. అలా పోయేవాటిలో ఎక్కువ భాగం మొదటి పన్నెండు వారాల్లోనే పోతాయి. ఊరంతా తెలిసిన తరువాత గర్భం పోతే ఆ పిల్లను పదిమంది పది రకాలుగా అడుగుతారు. ఆ బాధ నుంచి కోడలిని కాపాడాలనే పూర్వం పెద్దలు మూడు నెలల కట్టుబాటు పెట్టి ఉంటారు.

అయితే ఊరికి చెప్పకపోవడం వేరు, ఆశా కార్యకర్తకు చెప్పకపోవడం వేరు. నర్సమ్మ చెవిన వేసిన మాట చావడి దగ్గరికి చేరనక్కరలేదు. బంధువులకు మూడో నెల తరువాతే చెప్పుకోవచ్చు. ఆరోగ్య కేంద్రంలో మాత్రం నెల తప్పిన వెంటనే పేరు రాయించుకోవాలి. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. పెద్దల మాట దక్కుతుంది, పిల్ల ఆరోగ్యమూ దక్కుతుంది.

నెల తప్పినట్టు అనుమానం రాగానే మూత్ర పరీక్షతో తేల్చుకోవచ్చు. ఆశా కార్యకర్తల వద్ద ఇందుకు 'నిశ్చయ్' పరీక్ష పట్టీలు ఉచితంగా దొరుకుతాయి. ఉదయం లేవగానే పట్టిన మూత్రం నాలుగు చుక్కలు చాలు. అయిదు నిమిషాల్లో ఫలితం తెలిసిపోతుంది. గర్భం ఖాయమైతే తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తారు. ఆ కార్డు కాన్పు అయ్యే దాకానే కాదు, బిడ్డ టీకాలు పూర్తయ్యే దాకా దాచుకోవలసిన పత్రం.

లెక్క ఎక్కడ మొదలవుతుంది?

గర్భం వయసు లెక్కపెట్టడంలో చాలామంది పొరబడుతున్నారు. కొందరు నెల తప్పిన రోజు నుంచి లెక్కిస్తారు. కొందరు వేవిళ్లు మొదలైన నాటి నుంచి లెక్కిస్తారు. వైద్యుల లెక్క ఈ రెండూ కాదు. చివరిసారి ముట్టు వచ్చిన మొదటి రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఆ రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. ఉదాహరణకు చివరి ముట్టు జనవరి 10న మొదలైతే కాన్పు అక్టోబరు 17 ప్రాంతంలో అవుతుంది. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. అమ్మమ్మలు చెప్పే "తొమ్మిది నెలలు నిండి పదో నెల" అన్న మాట కూడా చాంద్రమాన లెక్కన సరిగ్గా ఇక్కడికే వస్తుంది.

తేదీ గుర్తులేనివారి విషయంలో ఆశా కార్యకర్తలు పండుగల సాయం తీసుకుంటారు. "ఉగాదికి ముందా, తర్వాతనా? బతుకమ్మ ఆడే నాటికి తలస్నానం అయిందా?" అని అడిగి లెక్క తేలుస్తారు. ఇంతకంటే సులువైన పని ఒకటుంది. గోడమీద క్యాలెండర్ లేని ఇల్లు లేదు. పెళ్లయిన ప్రతి ఆడపిల్ల నెలనెలా ఆ తేదీ చుట్టూ ఒక సున్నా చుట్టి పెట్టుకుంటే వైద్యులకు సగం శ్రమ తప్పుతుంది.

ఈ లెక్క తప్పితే ఏమవుతుంది? నెలలు నిండని బిడ్డను నిండినట్టు భావించి ముందే ఆపరేషన్ చేసే ప్రమాదం ఉంది. నిండిన తరువాత రోజులు దాటిపోయినా తెలియకపోవచ్చు. మన రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. మంచి ముహూర్తం చూసుకొని కడుపు కోయించుకునేవారూ ఉన్నారు. 39 వారాలు నిండకముందు అవసరం లేకుండా ఆపరేషన్ చేస్తే బిడ్డ ఊపిరికి ఇబ్బంది పడవచ్చు. తొలి నెలల్లోనే తేదీ ఖాయం చేసుకున్నవారికి ఈ మోసం ఉండదు.

తెలుగువాడు తయారుచేసిన మాత్ర

నెల తప్పిన ఇల్లాలికి ఆరోగ్య కేంద్రంలో మొట్టమొదట ఇచ్చేది ఒక చిన్న మాత్ర. దాని పేరు ఫోలిక్ ఆమ్లం. మోతాదు 400 మైక్రోగ్రాములు. చూడటానికి గింజంత ఉండే ఈ మాత్ర వెనుక పెద్ద కథే ఉంది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు రక్తం లేక పాలిపోయి చనిపోవడం గమనించారు. ఈస్టు సారం తినిపిస్తే వారు తేరుకుంటున్నారని 1931లో ప్రకటించారు. ఆ సారంలో ఉన్న మందు ఏమిటో అప్పటికి తెలియదు. పదేళ్ల తరువాత అమెరికాలో పాలకూర నుంచి దానిని వేరుచేశారు. ఆకుకు లాటిన్ భాషలో ఉన్న మాటను బట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో లోకానికి అందించింది లెడర్లీ సంస్థలోని పరిశోధక బృందం. ఆ పరిశోధనలకు సారథి మన తెలుగువాడు, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. పోషకాలు ఒంటబట్టని స్ప్రూ జబ్బు ఆయన కుటుంబాన్నీ, ఆయననూ పీడించింది. ఆ జబ్బుకే తాను తయారుచేసిన మందు పనికివచ్చింది.

కడుపులో బిడ్డకు ఈ మందు ఎందుకు? గర్భం కుదిరిన 28 రోజుల లోపే బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే గొట్టం మూసుకుంటుంది. అది సరిగా మూసుకోకపోతే వెన్ను చీలికతోనో, తలపుర్రె లేకుండానో బిడ్డ పుడుతుంది. అంతకుముందు అటువంటి బిడ్డ కలిగిన తల్లులకు ముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ ముప్పు 72 శాతం తగ్గినట్టు 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి తేల్చింది.

ఇక్కడ గడువు ఎంత తక్కువో గమనించాలి. గర్భం కుదిరిన 28వ రోజు అంటే నెల తప్పి రెండు వారాలు. నాట్లలో ఉన్న ఆ కొత్త కోడలికి ఆ గడువు ఇప్పటికే దాటిపోయింది. కనుక నెల తప్పాక మొదలుపెట్టడం కంటే, బిడ్డ కావాలనుకున్న నాటి నుంచే మాత్ర వేసుకోవడం ఉత్తమం. కొత్తగా పెళ్లయిన జంటలు ఆశా కార్యకర్తను అడిగి తెచ్చుకోవచ్చు. మొదటి కాన్పులో ఇటువంటి లోపం ఉన్న బిడ్డ కలిగినవారికి, మూర్ఛ మందులు వాడేవారికి మోతాదు వేరుగా ఉంటుంది. వారు వైద్యుల సలహాతోనే వాడాలి. పాలకూర, తోటకూర, గోంగూర, పెసలు, శనగల్లో ఈ పోషకం ఉన్నా అవి మాత్రకు తోడే కాని మాత్రకు బదులు కావు.

మొదటిరోజే తేలవలసిన సంగతులు

తొలి పరీక్ష అంటే చేయి పట్టుకొని చూసి పంపడం కాదు. బరువు, ఎత్తు, రక్తపోటు చూస్తారు. రక్తం, మూత్రం తీసుకుంటారు. ఒక్కో పరీక్ష వెనుక ఒక్కో కారణం ఉంది.

రక్తంలో హిమోగ్లోబిన్ ఎంత ఉందో మొదట చూస్తారు. గర్భిణికి 11 గ్రాములు ఉండాలి. అంతకు తగ్గితే రక్తహీనత. 7 గ్రాములకు దిగితే ప్రాణాపాయం.

రక్తం గ్రూపు తెలియాలి. తల్లిది నెగటివ్, తండ్రిది పాజిటివ్ అయితే మొదటి కాన్పు మామూలుగానే గడిచినా రెండో బిడ్డకు ప్రమాదం రావచ్చు. 28వ వారంలో ఒకసారి, బిడ్డది పాజిటివ్ గ్రూపు అయితే కాన్పు అయిన 72 గంటల లోపు మరోసారి 'యాంటీ డి' ఇంజక్షన్ ఇస్తే ఆ గండం తప్పుతుంది. గ్రూపు ముందు తెలియకపోతే ఈ ఇంజక్షన్ సంగతే ఎవరికీ గుర్తురాదు. గర్భం పోయినవారికి కూడా ఇది అవసరం కావచ్చునని మరువరాదు.

సుఖవ్యాధి, హెచ్ఐవి, పచ్చకామెర్ల బి రకం పరీక్షలు చేస్తారు. ఈ పేర్లు వినగానే "మా పిల్లకు అటువంటివి ఎందుకుంటయి" అని కోపగించుకునేవారున్నారు. ఇవి అనుమానంతో చేసే పరీక్షలు కావు. ప్రతి గర్భిణికీ చేస్తారు. ముందుగా తెలిస్తే తల్లి నుంచి బిడ్డకు రాకుండా ఆపవచ్చు. ఫలితాన్ని గోప్యంగా ఉంచుతారు.

చక్కెర పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి రెండు గంటల తరువాత రక్తం చూస్తారు. 140 లేదా అంతకు మించి ఉంటే గర్భిణులకు వచ్చే చక్కెర వ్యాధిగా లెక్క. మొదటిసారి బాగున్నా 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి.

రక్తపోటు 140/90కి చేరితే జాగ్రత్త పడాలి. మూత్రంలో ఆల్బుమిన్ కూడా కనిపిస్తే పల్లెల్లో 'గుర్రపువాతం' అని భయపడే ఫిట్స్ జబ్బుకు అది ముందస్తు హెచ్చరిక. ముందటి కాన్పులో ఈ జబ్బు వచ్చినవారికి, మొదటినుంచీ రక్తపోటు ఉన్నవారికి పన్నెండో వారం నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తే ముప్పు తగ్గుతుంది. అయిదో నెలలో వచ్చి అడిగితే ఆ మందు పెద్దగా పనిచేయదు. సొంతంగా మాత్రం ఎవరూ వాడకూడదు.

మేనరికం పెళ్లి అయినా, ఇంట్లో తలసేమియా జబ్బుతో నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లలున్నా మొదటిరోజే వైద్యులకు చెప్పాలి. భార్యాభర్తలిద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉంది. వారు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. రక్త పరీక్షలోనే అది బయటపడుతుంది.

స్కానింగు ఎన్నిసార్లు, ఎప్పుడు?

"స్కానింగు ఎన్నిసార్లు తీస్తే అంత మంచిది" అని కొందరు, "స్కానింగు తీస్తే బిడ్డకు చెరుపు" అని కొందరు అనుకుంటారు. రెండూ సరికాదు. స్కానింగులో వాడేది శబ్ద తరంగాలు, ఎక్స్‌రే కాదు. స్కాట్లాండులోని గ్లాస్గోలో అయాన్ డొనాల్డ్ అనే వైద్యుడు 1958లో ఈ విధానాన్ని వైద్యలోకానికి పరిచయం చేశాడు. ఎన్నిసార్లు అన్నదాని కంటే ఏ వారంలో అన్నదే ముఖ్యం.

మూడు నెలల లోపు తీసే స్కానింగులో గర్భం సంచిలోనే ఉందా, గొట్టంలో ఇరుక్కుందా, ఒకరా కవలలా అన్నది తెలుస్తుంది. బిడ్డ పొడవును కొలిచి వయసు చెబుతారు. ఈ దశలో చెప్పే వయసు ఒక వారం అటూ ఇటూగా ఉంటుంది. ఎనిమిదో నెలలో తీసి చెబితే మూడు వారాల దాకా తేడా రావచ్చు. కాన్పు తేదీకి తొలి స్కానింగే ఆధారం కావడానికి కారణం ఇదే.

పదకొండు వారాలు నిండాక, పద్నాలుగు వారాలు నిండకముందు బిడ్డ మెడ వెనుక నీటిపొర మందం చూస్తారు. దీనికి తోడు తల్లి రక్తంలో 'డబుల్ మార్కర్' పరీక్ష చేస్తే బుద్ధిమాంద్యంతో కూడిన డౌన్ లక్షణం ఉండే అవకాశం ఎంతో అంచనా వస్తుంది. ఇది అంచనా మాత్రమే, తీర్పు కాదు. ఎక్కువ అవకాశం ఉందని వస్తే వేరే పరీక్షతో ఖాయపరుచుకోవాలి. ఆ వారాలు దాటితే ఈ కొలత పనికిరాదు.

18 నుంచి 20 వారాల మధ్య 'టిఫా' స్కానింగు. బిడ్డ గుండె, మెదడు, వెన్ను, మూత్రపిండాలు, కాళ్లు చేతులు అవయవాల వారీగా చూసేది ఇందులోనే. 2022 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 44 ప్రభుత్వ ఆసుపత్రుల్లో 56 టిఫా యంత్రాలను ప్రారంభించింది. దీనికి ఆలస్యం ఎందుకు పనికిరాదంటే, బతకలేని లోపం బయటపడితే నిర్ణయానికి చట్టం విధించిన గడువులున్నాయి. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక వైద్యుని అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య చట్టం చెప్పిన కొన్ని తరగతుల స్త్రీలకు మాత్రమే, ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో అనుమతి. 24 దాటితే తీవ్రమైన లోపమని వైద్య మండలి తేల్చిన సందర్భంలోనే. ఆరో నెల చివర వచ్చే దంపతులకు దారులు మూసుకుపోయి ఉంటాయి.

స్కానింగు గదిలో "బాబా, పాపా" అని అడగటం మాత్రం నేరం. 1994 నాటి చట్టం 1996 జనవరి 1 నుంచి అమలులో ఉంది. చెప్పినవారికి, చెప్పమని ఒత్తిడి తెచ్చినవారికి కూడా జైలుశిక్ష, జరిమానా ఉంటాయి.

నాలుగు పరీక్షలు - నాలుగు గడువులు

ఎంత తీరిక లేనివారైనా విధిగా చేయించుకోవలసినవి నాలుగు పరీక్షలు. గోడమీద రాసిపెట్టుకోదగిన గడువులు ఇవి:

మొదటిది - 12 వారాల లోపు. పేరు నమోదు, రక్త మూత్ర పరీక్షలు, ఫోలిక్ ఆమ్లం, ధనుర్వాతం రాకుండా టీడీ ఇంజక్షన్ మొదటి మోతాదు. రెండో మోతాదు నాలుగు వారాల తరువాత.

రెండోది - 14 నుంచి 26 వారాల మధ్య. ఇనుము మాత్రలు, క్యాల్షియం మాత్రలు, నులిపురుగుల మాత్ర ఒకటి, టిఫా స్కానింగు.

మూడోది - 28 నుంచి 34 వారాల మధ్య. హిమోగ్లోబిన్ మళ్లీ చూస్తారు. రక్తపోటు, బిడ్డ ఎదుగుదల పరీక్షిస్తారు.

నాలుగోది - 36 వారాల తరువాత. బిడ్డ తల కిందికి ఉందా లేదా, కాన్పు ఎక్కడ జరగాలి అన్నది ఇప్పుడు నిర్ణయిస్తారు.

నాలుగుతో సరిపెట్టుకోకుండా ఎనిమిదిసార్లు చూపించుకోవడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులను వైద్యులు ఉచితంగా పరీక్షిస్తారు. తేదీ గుర్తుంచుకోవడానికి సులువు. తొమ్మిది నెలల మోతకు తొమ్మిదో తేదీ.

నూటికి 53 మంది

రాష్ట్రంలో గర్భిణుల రక్తహీనత తీవ్రంగా ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణుల్లో నూటికి 53 మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. అదే సర్వేలో మరో విచిత్రం ఉంది. నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. కాని కనీసం నాలుగు పరీక్షలు చేయించుకున్న తల్లులు సుమారు 70 మందే. అంటే కాన్పు గదికి చేరుతున్నవారిలో చాలామంది దారి మధ్యలో వైద్యులకు కనిపించడం లేదు. నొప్పులు మొదలయ్యాక 7 గ్రాముల రక్తంతో వచ్చిన తల్లికి అప్పటికప్పుడు రక్తం వెతకడం తప్ప వైద్యులు చేయగలిగింది లేదు. అదే నాలుగో నెలలో తెలిస్తే మాత్రలతో, అవసరమైతే ఇనుము ఇంజక్షన్లతో పెంచడానికి ఆరు నెలల వ్యవధి దొరుకుతుంది.

ఇనుము మాత్ర నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వాడాలి. "మాత్రలు వేసుకుంటే మలం నల్లగ పోతున్నది, కడుపు తిప్పుతున్నది" అని పొయ్యిమీది అటకపై పడేసేవారున్నారు. నల్లగా పోవడం సహజం, భయపడనక్కరలేదు. భోజనం చేసిన గంట తరువాత నిమ్మరసంతో వేసుకుంటే తిప్పడం తగ్గి, మందు ఒంటికి పడుతుంది. చాయ్‌తో వేసుకోరాదు. క్యాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీ కేంద్రంలో గర్భిణికి ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. పేరు నమోదు ఆలస్యమైతే ఆ గుడ్డూ పాలూ అన్ని నెలలు కోల్పోయినట్టే.

తల్లిగారింటికి పోతే కార్డు వెంట పోవాలి

నమోదు అయినవారిలోనూ మధ్యలో జారిపోయేవారున్నారు. తొలి కాన్పుకు ఏడో నెలలో పిల్లను తల్లిగారింటికి తీసుకుపోవడం మన ఆచారం. అప్పటిదాకా పెన్‌పహాడ్‌లో చూపించుకున్న పిల్ల కోదాడ వైపో, మిర్యాలగూడ వైపో వెళుతుంది. పనుల కోసం భర్తతో హైదరాబాదు చేరేవారూ ఉన్నారు. కార్డు అత్తగారింట్లో ట్రంకు పెట్టెలోనే ఉండిపోతుంది. అక్కడి వైద్యులకు రక్తం గ్రూపు తెలియదు, తొలి స్కానింగు తేదీ తెలియదు, పాత రక్తపోటు ఎంతో తెలియదు. లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. గాజులు, చీరెలు సర్దేటప్పుడు ముందుగా సంచిలో పెట్టవలసింది ఆ కార్డునే. ఇక్కడి ఆశా కార్యకర్తకు చెప్పి వెళితే అక్కడి ఆశాకు కబురు అందుతుంది.

కూలి మరో అడ్డంకి. పరీక్షకు వెళితే ఒక రోజు కూలి పోతుందని, నాట్లు అయ్యాక చూద్దామని వాయిదా వేస్తారు. నాట్లు అయ్యేసరికి కలుపు, కలుపు అయ్యేసరికి కోత. గర్భం మాత్రం పంట కాలం కోసం ఆగదు. 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం కేసీఆర్ కిట్ పథకం ప్రారంభించినప్పుడు మగబిడ్డకు రూ.12 వేలు, ఆడబిడ్డకు రూ.13 వేలు విడతలుగా ఇస్తూ, తొలి విడతను కాన్పుతో కాక ముందు పరీక్షలతో ముడిపెట్టింది ఈ కూలి నష్టాన్ని దృష్టిలో పెట్టుకొనే.

ఈ సంగతుల్లో భర్తల పాత్ర తక్కువేమీ కాదు. ఎరువుల బస్తాకు సూర్యాపేట వెళ్లే బండి మీదే భార్యనూ ఆసుపత్రికి తీసుకుపోవచ్చు. రక్తం గ్రూపు ఇద్దరిదీ చూడాలని చెప్పినప్పుడు మొహం చాటేయరాదు.

ఒకనాటి మాట

ఒకనాడు ఈ ప్రాంతంలో కాన్పు అంటే మంత్రసాని, కొడవలి, నులక మంచమే. పల్లె సంగతి అటుంచితే నిజాం నగరంలోనూ రక్షణ అంతంతమాత్రమే. ఏడో నిజాం రెండో కోడలు నీలోఫర్ వద్ద పరిచారికగా ఉన్న యువతి కాన్పు కష్టమై 1949లో కన్నుమూసింది. ఆ దుఃఖంతో నీలోఫర్ పట్టుబట్టి కట్టించినదే నేటికీ ఆమె పేరుతో నడుస్తున్న ఆసుపత్రి. 1953లో అది ప్రారంభమయింది. రాజకుమారి ఇంటి మనిషికే ఆ గతి పడితే మారుమూల పల్లెల మాట చెప్పనక్కరలేదు.

2001-03 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయారని నమూనా నమోదు లెక్కలు చెబుతున్నాయి. 2018-20 నాటికి తెలంగాణలో ఆ సంఖ్య 43కు దిగింది. 2005లో 108 వాహనాలు వచ్చాయి. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆసుపత్రి దగ్గరయింది. ఇక దగ్గర కావలసింది తొలి మూడు నెలలే.

ఈ లక్షణాలుంటే ఆగరాదు

పరీక్ష తేదీ ఎప్పుడున్నా సరే, కొన్ని లక్షణాలు కనిపిస్తే వెంటనే బయలుదేరాలి. తొలి నెలల్లో ఒకవైపు విపరీతమైన కడుపునొప్పి, కళ్లు తిరగడం, రక్తం కనిపించడం గర్భం గొట్టంలో ఇరుక్కున్నదనడానికి గుర్తు కావచ్చు. వేవిళ్లు ఎక్కువై నీళ్లు కూడా నిలవకపోయినా వైద్యం అవసరం. తరువాతి నెలల్లో తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, మొహం చేతులు వాయడం, ఫిట్స్, జ్వరం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి ప్రమాద సూచనలు. తెల్లవారనీ అని చూడకుండా 108కు ఫోన్ చేయాలి.

నాట్లలో ఉన్న ఆ కొత్త కోడలికి ఇప్పుడు ఆరు వారాలు నిండాయి. పన్నెండు వారాల గడువుకు ఇంకా ఆరు వారాలు ఉంది. వేసుకోవలసిన మాత్ర ఉపకేంద్రంలో సిద్ధంగా ఉంది. తీయవలసిన రక్తం రెండు చుక్కలు. ఈసారి ఆశా కార్యకర్త వాకిట్లోకి వచ్చినప్పుడు అత్త "ఎవ్వరు లేరమ్మా" అనకుండా లోపలికి పిలిచి, పీట వేసి, మెల్లగా ఆ ఒక్క మాట చెవిలో చెబితే చాలు. దిష్టి తీయడానికి ఆ తరువాత కావలసినంత సమయం ఉంది.